సూర్యాస్తమయం తర్వాత అరగంట

చలికాలంలో ఆఫీసు వదిలేసరికే చీకటి. సైకిలుకు మంచి దీపముంది, పక్కనే కొండ దారి ఉంది. గేటు మాత్రం మూసి ఉంది. కాలిఫోర్నియా పార్కుల్లో రాత్రిపూట మౌంటెన్ బైకులను రానివ్వాలా వద్దా అన్న వాదన వెనుక మనుషులే కాదు, జంతువులూ ఉన్నాయి.

డిసెంబరు మొదటి వారంలో శాన్ హోసేలో సాయంత్రం 4.50కే పొద్దు గూకుతుంది. సిలికాన్ వ్యాలీలో ఆ వేళకు కంప్యూటరు కట్టేసి బయటపడేవాళ్ళు అరుదు. ఊరికి పడమట శాంటా క్రూజ్ కొండల్లో మిడ్‌పెనిన్సులా రీజినల్ ఓపెన్ స్పేస్ డిస్ట్రిక్ట్ అనే ప్రభుత్వ సంస్థ కింద 65 వేల ఎకరాలకు పైగా అడవీ గడ్డినేలా ఉన్నాయి. ఎల్ కోర్టే డి మదేరా క్రీక్ లాంటి చోట రెడ్‌వుడ్ చెట్ల మధ్య సైకిలు తొక్కడానికి ఎంతో దూరం నుంచి వస్తారు. 1972లో స్థానిక ఓటర్లు ఓటేసి మరీ ఏర్పాటు చేసుకున్న సంస్థ ఇది. వాళ్ళు కట్టే ఆస్తిపన్నే దానికి ప్రధాన ఆధారం. ప్రవేశం మాత్రం సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకానే. అంటే డిసెంబరు మొదట్లో సాయంత్రం 5.20 దాటాక అక్కడ సైకిలు చక్రం తిరిగితే అది నిబంధన ఉల్లంఘనే. రేంజర్ కంటపడితే జరిమానా.

శాన్ ఫ్రాన్సిస్కో అఖాతం దాటి అవతలి ఒడ్డుకు వెళితే లెక్క వేరు. ఓక్లాండ్, బర్కిలీ, ఫ్రీమాంట్ ఊళ్ళను ఆనుకుని ఉన్న కొండలు ఈస్ట్ బే రీజినల్ పార్క్ డిస్ట్రిక్ట్‌వి. 1934 నుంచీ ఉన్న ఈ సంస్థ, వేరే బోర్డు పెట్టిన చోట్ల తప్ప, రాత్రి 10 గంటల నుంచి తెల్లవారుజామున 5 దాకా మాత్రమే పార్కులు మూస్తుంది. అవే గడ్డి కొండలు, అవే ఓక్ చెట్లు, తోడేలును పోలిన అవే కయోటీలు. ఒక ఒడ్డున సాయంత్రం అయిదున్నరకే నేరమైన పని, ఇంకో ఒడ్డున చాలాచోట్ల రాత్రి తొమ్మిదిన్నరకు కూడా మామూలు వ్యాయామం.

కొలరాడోలోని బౌల్డర్‌లో ఈ తేడా ఇంకా దగ్గర దగ్గరగా కనిపిస్తుంది. నగరం నడిపే ఓపెన్ స్పేస్ దారులు 24 గంటలూ తెరిచే ఉంటాయి. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా అక్కడ కారు నిలపకూడదు, అంతే. ఆ పక్కనే బౌల్డర్ కౌంటీ నడిపే పార్కులకు మాత్రం సూర్యోదయం నుంచి సూర్యాస్తమయం దాకానే అనుమతి. రెండు కార్యాలయాలూ ఒకే కౌంటీలో ఉన్నాయి. రెండిట్లోనూ జీవశాస్త్రం చదివిన సిబ్బంది ఉన్నారు. కొండకు అటు ఒక నియమం, ఇటు ఒక నియమం. ఇందులో శాస్త్రం పాలెంత, పాత అలవాటు పాలెంత అని రైడర్లు అడిగితే తప్పు పట్టలేం.

మారిన్ కుర్రాళ్ళ బండి

మౌంటెన్ బైకు పుట్టిల్లు కూడా కాలిఫోర్నియాలో ఆ అఖాతం చుట్టుపక్కలే. గోల్డెన్ గేట్ వంతెనకు ఉత్తరాన మారిన్ కౌంటీలో, ఫెయిర్‌ఫాక్స్ అనే చిన్న ఊరి పక్కన, 1976 అక్టోబరు 21న కొందరు కుర్రాళ్ళు పందెం పెట్టుకున్నారు. పైన్ మౌంటెన్ మీంచి ఫైరింజన్ల కోసం వేసిన మట్టిదారి అది. రెండు మైళ్ళలో 1,300 అడుగుల దిగుడు. చేతిలో ఉన్నవేమో ఎప్పటివో పాత లావు టైర్ల సైకిళ్ళు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. కిందికి చేరేసరికి హబ్బులో గ్రీజు కాలి పొగలు కక్కేది. కొత్త గ్రీజు కూరితే తప్ప మరో పరుగుకు పనికిరాదు. ఆ గుంపులోని జో బ్రీజ్ 1977లో కొండల కోసమే ఒక ఫ్రేము తయారుచేశాడు. గ్యారీ ఫిషర్, చార్లీ కెల్లీ 1979లో ఇలాంటి సైకిళ్ళ వ్యాపారం మొదలుపెట్టారు. 1981లో స్పెషలైజ్డ్ కంపెనీ స్టంప్‌జంపర్‌తో ఆ బండి అందరి చేతికీ వచ్చింది. 1996 అట్లాంటా ఒలింపిక్స్ నాటికి అది పతకాలిచ్చే ఆట.

ఆట పెరిగినంత వేగంగా తగువూ పెరిగింది. నడిచేవాళ్ళు, గుర్రాల మీద వెళ్ళేవాళ్ళు, సైకిళ్ళవాళ్ళు ఒకే బాట మీద ఎదురుపడటం మొదలైంది. మారిన్‌లోనే ఉన్న టమల్‌పైస్ కొండ మీది జలాశయాల పరీవాహక ప్రాంతంలో సైకిళ్ళను ఒంటిబాటల మీంచి తప్పించి వెడల్పాటి ఫైర్ రోడ్లకే పరిమితం చేశారు. గంటకు 15 మైళ్ళు, మలుపుల్లో 5 మైళ్ళు అని వేగానికి కళ్ళెం వేశారు. రాడార్ గన్ను పట్టుకుని రేంజర్లు చెట్ల చాటున నిలబడ్డారు. ఆ ఒంటిబాటల్లో కొన్నిటిని ప్రయోగాత్మకంగా సైకిళ్ళకు తెరుద్దామని అక్కడి నీటి సంస్థ 2024లో నిర్ణయిస్తే పర్యావరణ సంఘాలు కోర్టుకెక్కాయి. పట్టపగలు తొక్కడం మీదే నలభై ఏళ్ళ పేచీ ఇది. రాత్రి సంగతి ఎత్తితే బోర్డు సమావేశంలో గది ఎంత వేడెక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు.

దీపం బలిమి, కంటి పరిమితి

సూర్యాస్తమయం గీత గీసిన రోజుల్లో దానికి ఒక కారణముంది. 1990ల మొదట్లో రాత్రి రైడ్ అంటే పది, పదిహేను వాట్ల హాలోజన్ బల్బు, నీళ్ళ సీసా ఆకారంలో ఇటుకంత బరువున్న బ్యాటరీ, పచ్చటి గుడ్డి వెలుతురు. కొండ మధ్యలో బ్యాటరీ అయిపోతే చేతులతో తడుముకుంటూ దిగడమే. ఎల్ఈడీలు, లిథియం అయాన్ బ్యాటరీలు వచ్చాక ఆ కథ ముగిసింది. ఇప్పుడు అరచేతిలో పట్టే దీపం వెయ్యి, పదిహేను వందల ల్యూమెన్లు ఇస్తుంది. కారులో వాడే హాలోజన్ బల్బు ఒక్కటి ఇచ్చే వెలుగూ దాదాపు అంతే. అలవాటున్న రైడర్లు రెండు దీపాలు పెట్టుకుంటారు. హ్యాండిల్ మీది దీపం దారిని చూపిస్తుంది. హెల్మెట్ మీది దీపం తల తిప్పిన వైపు, అంటే తిరగబోయే మలుపులోకి చూపిస్తుంది. హెల్మెట్ దీపం ఒక్కటే ఉంటే కంటి దిశ నుంచే వెలుగు పడి రాళ్ళ నీడలు కనపడవు, గుంట లోతు తెలియదు.

వెలుగు ఎంత పెరిగినా లెక్క మాత్రం మారదు. గంటకు 15 మైళ్ళంటే సెకనుకు ఏడు మీటర్లకు కాస్త తక్కువ. అడ్డం కనిపించి బ్రేకు మీద వేలు బిగిసేలోపే పది మీటర్లు దాటిపోవచ్చు. వదులు మట్టి మీద బండి ఆగడానికి ఇంకో ఆరేడు మీటర్లు కావాలి. దిగుడైతే ఇంకా ఎక్కువ. వేగం రెట్టింపైతే బ్రేకు పడ్డాక జారే దూరం నాలుగింతలవుతుంది. దీపం బాగుందన్న ధైర్యమే వేగాన్ని పెంచుతుంది, అదే అసలు చిక్కు. ఎదురుగా వచ్చే ఇంకో రైడర్ దీపం మలుపు వెనుక నుంచే తెలిసిపోతుంది కాబట్టి రాత్రే భద్రమని కొందరంటారు. అందులో నిజముంది. కానీ దీపం లేకుండా నడిచే మనిషికీ, పగలంతా ఎండకు కాగిన మట్టి మీద వెచ్చగా పడుకున్న ర్యాటిల్‌స్నేక్‌కూ ఆ తర్కం వర్తించదు.

చట్టపరంగా పార్కులు చెప్పే భయం ఇంకోటి: ఎవరైనా పడి కాలు విరగ్గొట్టుకుంటే సంస్థ మీద కేసు. కాలిఫోర్నియాలో ఈ భయానికి పునాది బలహీనం. దారి పరిస్థితి వల్ల జరిగిన గాయాలకు ప్రభుత్వ సంస్థలు బాధ్యత వహించనక్కర్లేదని ఆ రాష్ట్ర గవర్నమెంట్ కోడ్‌లో 831.4 సెక్షన్ రక్షణ ఇస్తుంది. అసలు భారం రక్షణ సిబ్బందిది. పగలు గంటలో దొరికే మనిషిని రాత్రి వెతకడానికి ఎంతమంది కావాలి, వాళ్ళ జీతం ఎవరివ్వాలి అన్నది గట్టి ప్రశ్న. దాని గురించి రైడర్ల సంఘాలు అంతగా మాట్లాడవు.

రాత్రి షిఫ్టుకు మారిన జంతువులు

వాదనలో అన్నిటికన్నా బరువైన కాగితం 2018 జూన్‌లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. అప్పట్లో బర్కిలీ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఉన్న కేట్లిన్ గేనర్ బృందం ఆరు ఖండాల్లో జరిగిన 76 అధ్యయనాలను, 62 రకాల క్షీరదాల కదలికలను ఒకచోట చేర్చి చూసింది. మనుషుల తాకిడి ఉన్న చోట్ల జంతువులు రాత్రి తిరగడం 1.36 రెట్లు పెరిగింది. పగలు సగం, రాత్రి సగం తిరిగే జంతువు మన మూలాన తన పనుల్లో 68 శాతం రాత్రికి మార్చుకుంటుందన్నమాట. వేటగాడా, రైతా, చేతిలో నీళ్ళ సీసాతో నడిచే షికారు మనిషా అన్న తేడా అవి పెద్దగా పెట్టుకోలేదు. మనిషి వాసన తగిలితే చాలు, పక్కకు జరిగాయి.

అంతకు పదేళ్ళ ముందే ఉత్తర కాలిఫోర్నియా ఓక్ అడవుల్లో సారా రీడ్, ఎడీనా మెరెన్‌లెండర్ 28 చోట్ల వెతికారు. జనాన్ని రానిచ్చే చోట్లనూ రానివ్వని చోట్లనూ పోల్చారు. వేట లేదు, మోటారు బండ్లు లేవు, ఉన్నదల్లా నడక, సైకిలు, గుర్రం లాంటి నిశ్శబ్ద వినోదాలే. అయినా జనం వచ్చే చోట్ల కయోటీ, అడవిపిల్లి జాతి బాబ్‌క్యాట్ లాంటి స్థానిక మాంసాహారుల సాంద్రత అయిదో వంతు కన్నా తక్కువకు పడిపోయింది. ఈ రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే రాత్రి రైడ్‌ను కేవలం పన్ను చెల్లించేవాడి హక్కుగా చూడటం కష్టమవుతుంది. పగలు మనకు వదిలేసి రాత్రికి జరిగిన జంతువు దగ్గరకు మళ్ళీ రెండు వేల ల్యూమెన్లతో వెళ్తే అదింకెక్కడికి జరగాలి?

మనుషుల ప్రాణభయం మాత్రం ఈ వాదనలో కాస్త అతిగా వినిపిస్తుంది. 2004 జనవరిలో దక్షిణ కాలిఫోర్నియాలోని వైటింగ్ రాంచ్ పార్కులో కొండసింహం, అంటే ప్యూమా, ఒక సైకిలిస్టును చంపి, అదే రోజు ఇంకో మహిళ మీద పడింది. 2016 జూన్‌లో మాంటానాలోని గ్లేసియర్ పార్కు సమీపాన ఒక రైడర్ మలుపులో వేగంగా వచ్చి గ్రిజ్లీ ఎలుగుబంటిని ఢీకొని ప్రాణం పోగొట్టుకున్నాడు. 2018లో వాషింగ్టన్ రాష్ట్రంలో మరో ప్యూమా దాడి. ఈ మూడూ చీకటి పడకముందు జరిగినవే. వేగం, నిశ్శబ్దం, ఎదుట ఏముందో తెలియని మలుపు కలిస్తే పగలైనా ప్రమాదమే.

తెలుగు పాఠకుడికి ఇదంతా ఎక్కడో అమెరికా గొడవలా అనిపించనక్కర్లేదు. హైదరాబాదు నుంచి శ్రీశైలం వెళ్ళే దారిలో మన్ననూరు దగ్గర రాత్రి 9 గంటలకు అటవీ శాఖ గేటు పడుతుంది, మళ్ళీ తెరిచేది ఉదయం 6కే. ఆలస్యమైతే అక్కడే కారులో ముడుచుకుని పడుకున్న యాత్రికులు ఎందరో. నల్లమల పులికి ఆ తొమ్మిది గంటలూ రోడ్డు దాటే అవకాశం. తిరుమలలో అయితే కారణం తిరగబడింది. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో ఆరేళ్ళ పాపను చిరుత చంపిన తర్వాత టీటీడీ మధ్యాహ్నం 2 దాటితే పిల్లలను కాలిబాటకు రానివ్వలేదు, సాయంత్రం 6 నుంచి ఉదయం 6 దాకా ఘాట్ రోడ్లలో ద్విచక్ర వాహనాలు ఆపేసింది. ఒకచోట జంతువును మన నుంచి కాపాడటానికి, ఇంకోచోట మనల్ని జంతువు నుంచి కాపాడటానికి. ఈ రెండు గేట్లకూ ఒక్కటే పోలిక: ఎక్కడ వేయాలో, ఎందుకు వేయాలో తెలిసి వేసినవి. కాలిఫోర్నియాలో 'సూర్యాస్తమయం తర్వాత అరగంట' అలా ఒక్కో చోటు చూసి పెట్టింది కాదు. ఊరి చివర కరెంటు తీగల కింద గడ్డినేలకూ, ప్యూమా పిల్లలు పెట్టే లోయకూ ఒకటే గడియారం.

ఎండే శత్రువైన చోట

అరిజోనాలో గడియారం ఇంకోలా తిరుగుతుంది. ఫీనిక్స్ నగరపాలక సంస్థ కింద 16 వేల ఎకరాలకు పైగా ఉన్న సౌత్ మౌంటెన్ పార్కులో దారులు ఉదయం 5 నుంచి రాత్రి 11 దాకా తెరిచే ఉంటాయి. అక్కడి వేసవి గురించి రెంటచింతల, రామగుండం వాళ్ళకు చెప్పాల్సిన పని లేదు. 2023 జూన్ 30 నుంచి వరసగా 31 రోజులు ఫీనిక్స్‌లో 110 ఫారెన్‌హీట్ డిగ్రీలు, అంటే 43 సెల్సియస్ లేదా అంతకు మించి నమోదైంది. ఎండదెబ్బ తిన్నవాళ్ళను మోసి దించలేక 2021 నుంచి తీవ్రమైన వేడి హెచ్చరిక ఉన్న రోజుల్లో కేమెల్‌బ్యాక్ లాంటి కొండ దారులను పగటిపూట మూసేస్తున్నారు. అక్కడ ప్రాణానికి భద్రమైన వేళ రాత్రే. చాండ్లర్, ఫీనిక్స్ చుట్టుపక్కల చిప్ కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు జులైలో నడకకో సైకిలుకో బయటికి రావాలంటే తెల్లవారకముందో, దీపాలు పెట్టాకో.

ఇంకా ఉత్తరానికి, స్కాట్లాండ్‌కు వెళితే వేళ అన్న మాటే లేదు. 2003 నాటి భూసంస్కరణ చట్టం అక్కడ బాధ్యతగా మసలుకునే ప్రతి మనిషికీ కొండలూ అడవుల్లో తిరిగే హక్కు ఇచ్చింది, అది రాత్రికీ వర్తిస్తుంది. ఏటా జనవరిలో జరిగే స్ట్రాత్‌పఫర్ 24 గంటల మౌంటెన్ బైకు పందెంలో 17 గంటలు చీకట్లోనే తొక్కుతారు. ఇలాంటి పందేలు అమెరికాకూ కొత్తేమీ కాదు. ఫిబ్రవరిలో టూసాన్ దగ్గరి ఎడారిలో 24 అవర్స్ ఇన్ ది ఓల్డ్ ప్యూబ్లో జరుగుతుంది. ఒక్క రాత్రి అనుమతిచ్చి మర్నాడు డేరాలు పీకేసే పద్ధతి అది. ప్రతి రాత్రీ గేటు తెరిచి ఉంచడం వేరే సంగతి, ఆ రెండిటినీ రైడర్ల తరఫున వాదించేవాళ్ళు తరచూ కలిపేస్తుంటారు.

లండన్‌లోని రిచ్‌మండ్ పార్కు ఈ విషయంలో చెప్పుకోదగ్గది. వందల దుప్పులున్న ఆ రాచ పార్కులో చీకటి పడగానే కార్లకు గేటు మూస్తారు. నడిచేవాళ్ళకూ సైకిళ్ళకూ రాత్రంతా దారి ఉంటుంది. ఏడాదిలో రెండుసార్లు, దుప్పుల సంఖ్యను అదుపు చేసే వారాల్లో మాత్రం రాత్రిపూట వాళ్ళకూ మూసేస్తారు. సైకిలు అక్కడ కూడా ఎక్కడపడితే అక్కడ తిరగదు, కేటాయించిన బాట మీదే వెళ్ళాలి.

తెరిస్తే ఎలా తెరవాలి

సాయంత్రపు గేటు వల్ల ఎక్కువ నష్టపోయేది పెద్దలు కాదు, బడి పిల్లలు. 2001లో బర్కిలీలో మొదలైన హైస్కూలు మౌంటెన్ బైకు లీగు, తర్వాత 2009లో జాతీయ సంస్థగా విస్తరించింది. ఉత్తర కాలిఫోర్నియాలో ఆ పందేల కాలం ఫిబ్రవరి నుంచి మే దాకా. సాధన చేయాల్సిన నెలలేమో డిసెంబరు, జనవరి. బడి మూడున్నరకు వదిలితే, బండి కట్టుకుని కొండ చేరేసరికి మిగిలేది గంటన్నర లోపే. ఆ పిల్లలకు కోచ్ ఉంటాడు, దీపం ఉంటుంది, గుంపుగా వెళ్తారు. ఎవరికైనా ముందు వెసులుబాటు ఇవ్వాలంటే వీళ్ళతోనే మొదలుపెట్టడం సబబు.

అనుమతిని ముక్కలు చేసి ఇవ్వడం పార్కులకు తెలియని విద్య కూడా కాదు. కొలరాడోలో జెఫర్సన్ కౌంటీ వారి సెంటినియల్ కోన్ పార్కులో వారాంతాల్లో సరి తేదీలు సైకిళ్ళకు, బేసి తేదీలు నడిచేవాళ్ళకు. బౌల్డర్ కౌంటీ బెటాసో పార్కులో బుధ, శనివారాలు సైకిళ్ళకు సెలవు. ఇక బర్కిలీ కొండల్లోని టిల్డెన్ పార్కుది మరీ ముచ్చటైన ఏర్పాటు. అక్కడ న్యూట్ అనే, బల్లిలా కనిపించే ఉభయచరాలు వానాకాలంలో గుడ్లు పెట్టడానికి చెరువుకు బయల్దేరతాయి. వాటి కోసం నవంబరు 1 నుంచి మార్చి 31 దాకా సౌత్ పార్క్ డ్రైవ్ రోడ్డును కార్లకు మూసేస్తారు. అవి కదిలేది ముఖ్యంగా వాన రాత్రుల్లో. కారు టైరు కింద నలిగే న్యూట్ సైకిలు టైరు కిందా నలుగుతుంది. కాబట్టి అలాంటి చోట వాన పడిన రాత్రి సైకిలుకూ గేటు వేయాల్సిందే.

ఈ ముక్కలన్నీ కలిపితే మిడ్‌పెనిన్సులా లాంటి సంస్థ ముందు ఒక దారి కనిపిస్తుంది. కొండల లోపలి రెడ్‌వుడ్ లోయలను ముట్టుకోకుండా, ఊరిని ఆనుకుని, రోడ్ల చప్పుడూ వీధి దీపాల వెలుగూ ఇప్పటికే పడుతున్న ఒకటి రెండు చోట్ల వెడల్పు దారులను ఎంచుకోవడం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, వారానికి రెండు రాత్రులు, ఎనిమిదిన్నర వరకు. దిగుడు దారి కాకుండా ఎక్కుడూ దిగుడూ కలిసిన చుట్టుదారి అయితే వేగం దానంతటదే తగ్గుతుంది. పార్కింగు స్థలంలో లైట్లు వేయకూడదు. చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళ మాట ముందే వినాలి. ఆ జాగ్రత్త తీసుకోకపోతే ఏమవుతుందో ఫ్రీమాంట్‌లోని మిషన్ పీక్ చూపించింది. తెలుగువాళ్ళు కూడా ఉత్సాహంగా ఎక్కే 2,500 అడుగుల పైచిలుకు కొండ అది. ఫొటోల కోసం వేళాపాళా లేకుండా జనం పెరిగేసరికి, వీధుల నిండా కార్లు నిలిచి ఇళ్ళవాళ్ళు మొత్తుకుంటే, ఈస్ట్ బే సంస్థ స్టాన్‌ఫర్డ్ అవెన్యూ వైపు గేటు వేళలను కుదించింది. అక్కడ ఇబ్బంది తెచ్చింది సైకిళ్ళు కాదు, కాలినడక జనం.

అన్నిటికన్నా ముందు పెట్టాల్సినవి కెమెరాలు. గేటు తెరవడానికి ఒక చలికాలం ముందే చెట్లకు కట్టి, ఏ జంతువు ఏ వేళకు వస్తుందో నమోదు చేయాలి. తెరిచిన చలికాలంలో అవే చెట్లకు అవే కెమెరాలు ఉండాలి. బాబ్‌క్యాట్ రాకపోకలు ఎంత తగ్గితే అనుమతి రద్దవుతుందో, ఆ అంకె గేటు తెరవకముందే బోర్డు తీర్మానంలో రాసి ఉండాలి. తర్వాత రాద్దామంటే కుదరదు. రెండు చలికాలాలు తొక్కి అలవాటు పడ్డ రైడర్లు మూడో ఏట సమావేశానికి హెల్మెట్లు పట్టుకుని వస్తారు, బాబ్‌క్యాట్ రాదు.